సెల్ఫ్ క్లచ్ బేరింగు ఎంపిక, ఆయిల్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత మోటార్‌సైకిళ్ల సెల్ఫ్ స్టార్ట్ గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి, ప్రశ్నలను క్లుప్తం చేశాము.

ప్రశ్న: నా దగ్గర 1970ల నాటి జపాన్ తయారీ నాలుగు సిలిండర్ల 750 సీసీ మోటార్‌సైకిలు ఉంది. చెన్నైలో కొని, తిరుపతికి తెచ్చి, ఇంజన్ మొత్తం విప్పించి బాగు చేయించుకున్నాను. కొన్నాళ్లకు సెల్ఫ్ బటన్ నొక్కితే మోటారు గిర్రున తిరగడం, ఇంజన్ మాత్రం కదలకపోవడం మొదలైంది. సెల్ఫ్ మోటారు తిప్పుడును ఇంజన్‌కు అందించే స్టార్టర్ క్లచ్‌లోని మూడు రోలర్లనూ స్ప్రింగులనూ మార్పించాను. కొంతకాలం బాగానే ఉండి మళ్లీ అదే జబ్బు వచ్చింది. ఈసారి ఇంజన్ నడుస్తున్నప్పుడు ఎడమవైపు నుంచి సన్నని ఈల వంటి శబ్దం కూడా వినిపిస్తోంది. స్టార్టర్ గేరు కింద ఉన్న నీడిల్ బేరింగు, అనగా సూదుల వంటి సన్నని రోలర్లున్న బేరింగు, మార్చాలని ఒక మెకానిక్ అంటున్నారు. సెల్ఫ్ కొట్టే రెండు క్షణాలకు ఆ బేరింగు ఏం అరుగుతుందని మరొకరు కొట్టిపారేస్తున్నారు. ఎవరి మాట వినాలి? (బైరాగిపట్టెడ, తిరుపతి)

జవాబు: మొదటి మెకానిక్ మాట వినండి. రెండవవారి అభిప్రాయం వినడానికి సబబుగానే ఉంటుంది కానీ, ఆ బేరింగు ఎప్పుడు తిరుగుతుందో ఒకసారి ఆలోచిస్తే అది నిలబడదు.

మీ బండి వంటి ఇంజన్లలో స్టార్టర్ క్లచ్ గుల్ల, పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు అయిన క్రాంక్‌షాఫ్ట్ ఎడమ చివరనున్న, కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌లో తిరిగే రోటర్ వెనుక మూడు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ గుల్లలో ఒకవైపు వెడల్పుగా, మరోవైపు ఇరుకుగా ఉండే మూడు గదులు, ఒక్కో గదిలో ఒక రోలరు, దానిని ఇరుకువైపు నెట్టే చిన్న స్ప్రింగు ఉంటాయి. స్టార్టర్ గేరుకున్న బోడిప, అనగా హబ్, ఆ రోలర్ల మధ్యకు చొచ్చుకుని వస్తుంది. గేరు మాత్రం క్రాంక్‌షాఫ్ట్ మీద తన సొంత బేరింగుపై కూర్చుంటుంది. బటన్ నొక్కినప్పుడు గేరు తిరిగి రోలర్లను ఇరుకువైపు లాక్కుపోతుంది, అవి బిగుసుకుంటాయి, గేరూ క్రాంక్‌షాఫ్టూ ఒకే ముక్కలా తిరుగుతాయి. అంటే సెల్ఫ్ కొడుతున్న ఆ రెండు మూడు క్షణాలలో ఈ బేరింగు అసలు తిరగదు, పళ్ల ఒత్తిడిని మోస్తూ ఊరికే నిలబడి ఉంటుంది. ఇంజన్ అందుకున్న తరువాత కథ తిరగబడుతుంది. సైకిలు ఫ్రీవీలులాగా క్లచ్ వదిలేస్తుంది, గేరు నిలిచిపోతుంది, దాని లోపల క్రాంక్‌షాఫ్ట్ ఇంజన్ వేగంతో తిరుగుతూనే ఉంటుంది. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర గంటన్నర ప్రయాణం, అనగా తిరుపతి నుంచి చిత్తూరు వరకు పట్టే కాలం, ఈ బేరింగుకు 2,70,000 చుట్లు. అందుచేత దీనిని సెల్ఫ్ కోసం ఉన్న బేరింగుగా కాక, ప్రయాణమంతా తిరిగే బేరింగుగా లెక్కించి ఎంచుకోవాలి, ఆయిల్ అందించాలి. ఇక్కడ జరిగే పొరపాట్లలో చాలావాటికి ఈ ఒక్క విషయం తెలియకపోవడమే మూలం.

మీ రోలర్లు కొద్దికాలంలోనే మళ్లీ జారడానికి కారణం కూడా ఇక్కడే వెతకాలి. మూడు రోలర్లు సమానంగా పట్టాలంటే గేరు హబ్, క్లచ్ గుల్ల రెండింటికీ కేంద్రం ఒకటే కావాలి. ఆ కేంద్రాన్ని నిలిపేది బేరింగు తప్ప మరొకటి కాదు. అది అరిగి గేరు ఒక పక్కకు ఒరిగితే భారమంతా ఒకటి రెండు రోలర్ల మీద పడుతుంది, ఆ రోలర్లు హబ్ మీద గాడి చేస్తాయి, గాడిలో పడిన కొత్త రోలరు మళ్లీ జారుతుంది. మీరు వేయించిన కొత్త రోలర్లలో లోపం ఉందని నేను అనుకోవడం లేదు. వాటిని పాత హబ్ మీద, పాత బేరింగు మీద కూర్చోబెట్టడమే లోపం. ఇక ఈల శబ్దం గురించి: బేరింగు పట్టేస్తే ఇంజన్ నడుస్తున్నప్పుడు గేరు నిలిచి ఉండక క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు కొంత లాగబడుతుంది, దానితో మధ్య గేర్లు, సెల్ఫ్ మోటారు కూడా వెనుక నుంచి తిప్పబడతాయి. ఆ స్థితిలో ఎక్కువ దూరం నడిపితే మోటారు లోపల తిరిగే ఆర్మేచరు తీగ చుట్టలు చెడి, బేరింగు ఖర్చుతో పోయేది మోటారు ఖర్చు దాకా వస్తుంది. కాబట్టి ఈ పని అయ్యేదాకా బండి బయటకు తీయకండి.

విప్పినప్పుడు చూడవలసినవి చెబుతాను. రోటర్‌ను దానికోసం చేసిన పుల్లరుతోనే తీయించండి, సుత్తితో కొట్టి తీస్తే లోపలి అయస్కాంతాలు ఊడవచ్చు. గేరును క్లచ్‌లో ఉంచి చేతితో తిప్పితే ఒకవైపు హాయిగా తిరగాలి, రెండో వైపు వెంటనే పట్టాలి. పట్టే ముందు కొంత జారితే రోలర్లు గానీ స్ప్రింగులు గానీ గాడి గానీ కారణం. తరువాత హబ్ మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోటికి తగిలేంత గాడి ఉంటే ఆ గేరు మార్చవలసిందే. లేత్ మీద సన్నం చేయించుకుని వాడుకుందామనే సలహా ఎవరైనా ఇస్తే ఒప్పుకోవద్దు. పైన గట్టిపరిచిన పొర పలుచగా ఉంటుంది, అది పోయాక మిగిలే మెత్తని ఉక్కును రోలర్లు త్వరగా తినేస్తాయి. పైగా హబ్ వ్యాసం తగ్గితే రోలర్లు పట్టే కోణమే మారిపోతుంది. క్రాంక్‌షాఫ్ట్ మీద బేరింగు కూర్చునే చోట, సూదుల మధ్య ఎంత దూరం ఉంటుందో సరిగ్గా అంతంత దూరంలో అడ్డగీతలు కనిపిస్తే, తిరగకుండా భారం మోసిన సూదులు అచ్చు పడ్డాయని అర్థం. ఆ గీతల మీద కొత్త బేరింగు వేస్తే అది కూడా మొదటి రోజు నుంచే శబ్దం చేస్తుంది.

బేరింగు రకం విషయంలో, మొదట ఉన్న రకాన్నే మళ్లీ వేయండి. కేజీ, అనగా సూదులను ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచే చట్రం, ఉన్న నీడిల్ బేరింగు స్థానంలో, ఎక్కువ సూదులు పడతాయి కనుక బలంగా ఉంటుందని, కేజీ లేకుండా సూదులు మాత్రమే నింపే రకాన్ని వేసేవారు ఉన్నారు. బరువు ఎక్కువ, వేగం తక్కువ ఉన్న చోటికి ఆ రకం మంచిదే. ఇక్కడ పరిస్థితి దానికి వ్యతిరేకం. తిరిగే సమయంలో బరువు దాదాపు ఉండదు, వేగం మాత్రం ఇంజన్ వేగమే. కేజీ లేని సూదులు ఒకదానికొకటి ఒరుసుకుని వేడెక్కుతాయి. కేజీ ఉక్కుదైతే మేలు. ప్లాస్టిక్ కేజీ కూడా మామూలు ఇంజన్ వేడిని తట్టుకుంటుంది కానీ, ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో ఉంటే పెళుసుబారుతుంది, ఇటువంటి చోటును మనం మళ్లీ మళ్లీ విప్పము.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. బేరింగుకు ఆయిల్ వచ్చే రంధ్రం ఎక్కడుందో చూసి, సన్నని తీగతో శుభ్రం చేసి, గాలి కొట్టించండి. పక్క మూతకు ప్యాకింగుతో పాటు సిలికాన్ పేస్టు దట్టంగా పూస్తే, లోపలికి పిండుకుపోయిన పేస్టు ముక్కలు ఇటువంటి రంధ్రాలనే మూస్తాయి. రెండవది, రోటర్ వెనుకనున్న మూడు బోల్టులు. వీటి మరలను పూర్తిగా జిడ్డు పోయేలా కడిగి, ఆరబెట్టి, మర పట్టు ద్రావణం (థ్రెడ్ లాకర్) వేసి, బిగువును కొలిచే టార్క్ రెంచితో సర్వీసు పుస్తకంలో చెప్పినంతకే బిగించండి. ఇవి వదులైతే కూడా క్లచ్ జారినట్టే అనిపిస్తుంది, కొందరు అనవసరంగా రోలర్లు మార్పిస్తారు.

ప్రశ్న: బేరింగు మీద ఉన్న నంబరు చెరిగిపోయింది. కొలతలు తీసుకుని కొందామంటే దుకాణంలో సి3 కావాలా, సీలు ఉన్నది కావాలా అని అడుగుతున్నారు. చూడటానికి అచ్చం ఇలాగే ఉండి ఒకవైపే తిరిగే బేరింగు కూడా చూపించారు. అది వేస్తే స్టార్టర్ క్లచ్ అవసరమే ఉండదు కదా? (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: చివరి మాటతో మొదలుపెడతాను. మీకు చూపించినది పలుచని రేకు గుల్లలో రోలర్లు అమర్చిన ఏకదిశ బేరింగు. కాగితం లాగే యంత్రాలు, చిన్న కన్వేయర్లు వంటి తేలికపాటి పనులకు అది చక్కగా సరిపోతుంది. పెద్ద సిలిండరులోని ఒత్తిడిని దాటించే మోటారు బలాన్ని, మధ్యలో ఇంజన్ వెనక్కి తన్నితే వచ్చే దెబ్బను ఆ రేకు గుల్ల తట్టుకోలేదు. గుల్ల పగిలితే ముక్కలు, ఇంజన్ నుంచి క్లచ్‌కు బలాన్ని చేర్చే ప్రైమరీ చైన్‌లోకో క్రాంక్‌కేసులోకో పోతాయి. ఆ ఆలోచన మానుకోండి.

నంబరు చెరిగిపోయినా కొలతలు మూడు ఉంటే చాలు: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు. వెర్నియరుతో బేరింగును, వీలైతే మైక్రోమీటరుతో షాఫ్టును కూడా కొలవండి, అరిగిన బేరింగు కొలత మాత్రమే నమ్మితే మోసపోవచ్చు. మామూలు బాల్ బేరింగు నంబరులో చివరి రెండు అంకెలు 04 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే వాటిని 5తో గుణించగా లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 6204 అంటే 20, 6205 అంటే 25. 6203కు మాత్రం 17. రేకు గుల్ల ఉన్న నీడిల్ బేరింగులో హెచ్‌కె 2016 అంటే లోపల 20, వెడల్పు 16, దాని బయటి వ్యాసం 26. గుల్ల లేకుండా కేజీ, సూదులు మాత్రమే ఉండే కె రకంలో అదే 20 షాఫ్టుకు బయటి వ్యాసం తరచుగా 24 ఉంటుంది. షాఫ్టు కొలత ఒకటే కదా అని ఈ రెండింటినీ మార్చుకోవడం కుదరదు. కొలత తేడా ఒక్కటే కాదు, గుల్ల లేని రకంలో సూదులు నేరుగా గేరు లోపలి గోడ మీద దొర్లుతాయి కనుక ఆ గోడ గట్టిపరచి, గ్రైండింగు చేసినదై ఉండాలి.

సి3 గురించి మన ప్రాంతపు దుకాణాలలో ఒక అలవాటు ఉంది. బండికి అనగానే అడగకుండానే సి3 తీసి ఇస్తారు. సి3 అంటే నాణ్యత ఎక్కువ అని కాదు, లోపల ప్లే, అనగా కదలడానికి వదిలిన ఖాళీ, కొంచెం ఎక్కువ అని మాత్రమే. 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బాల్ బేరింగుకు మామూలు ప్లే 5 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), సి3కి 13 నుంచి 28 మైక్రాన్లు. క్రాంక్‌షాఫ్ట్ ప్రధాన బేరింగు వంటి చోట షాఫ్టు గట్టిగా బిగుసుకుని, వేడికి ఉబ్బి, ఆ ప్లేను తినేస్తుంది కనుక సి3 కావాలి. స్టార్టర్ గేరు బాల్ బేరింగు మీద కూర్చునే బండ్లలో మాత్రం కేంద్రం కదలకపోవడమే ముఖ్యం. తయారీదారు పట్టికలో సి3 అని ఉంటే సి3, లేకుంటే మామూలుది తీసుకోండి.

సీలు మాటకొస్తే, బేరింగు ఆయిల్‌లో మునిగి గానీ చిమ్మే ఆయిల్ కింద గానీ తిరుగుతుంటే రెండు వైపులా తెరిచి ఉన్న బేరింగే సరైనది. రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ రకంలో సీలు అంచు రాసుకుంటూ ఉండటం వల్ల అది తట్టుకోగల వేగం తెరిచిన బేరింగు వేగంలో దాదాపు సగానికి పడిపోతుంది. లోపలి గ్రీజు వేడికి పలుచబడి ఆయిల్‌లో కలుస్తుంది, సీలు కొత్త ఆయిల్‌ను సరిగ్గా లోపలికి రానివ్వదు. సీలున్నదే దొరికితే, సన్నని మొన ఉన్న పనిముట్టుతో రెండు సీళ్లనూ మెల్లగా లేపి, గ్రీజు కడిగేసి వాడుకోవచ్చు.

నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి కాబట్టి ధర మరీ తక్కువైతే అనుమానించండి. చెక్కిన అక్షరాలు వంకరగా ఉండటం, వేలితో రుద్దితే మసకబారడం, పెట్టె మీద నంబరుకు బేరింగు మీద నంబరుకు పొంతన లేకపోవడం చూసిన వెంటనే వదిలేయదగిన గుర్తులు. కొన్ని కంపెనీలు ఫోనులో ఫొటో తీసి పంపితే అసలుదో కాదో చెప్పే ఆప్‌లు ఇస్తున్నాయి. చెన్నై పుదుపేట వంటి పాత సామాన్ల బజారులో ఇంజన్ భాగాలు కొనడం మంచి ఆలోచనే కావచ్చు, వాడిన బేరింగు కొనడం మాత్రం ఎప్పుడూ కాదు.

రేకు గుల్ల నీడిల్ బేరింగును గేరులోకి దించేటప్పుడు అక్షరాలు చెక్కిన వైపే నొక్కాలి, అదీ లోపలి వ్యాసానికి సరిపడే మెట్టు ఉన్న మాండ్రెల్ అనే ఉక్కు కడ్డీతో, లివరుతో నొక్కే ఆర్బర్ ప్రెస్ మీద. సాకెట్ పెట్టి సుత్తితో కొడితే అంచు వంగి కేజీ పట్టేస్తుంది. ఈ పనికి ప్రెస్ ఉన్న లేత్ షాపుకు వెళ్లండి, వారు తీసుకునేది కొద్ది మొత్తమే.

ప్రశ్న: మా నాన్నగారి సెల్ఫ్ ఉన్న పాత బుల్లెట్‌లో ఇంజన్‌కు వేరే ఆయిల్, ప్రైమరీ చైన్‌కేసుకు వేరే ఆయిల్. స్ప్రాగ్ క్లచ్ ఈ చైన్‌కేసులోనే ఉందట. చైన్‌కేసులో గేరు ఆయిల్ పోస్తే బేరింగుకు, చైన్‌కు బలమని ఒకరు, పవర్ స్టీరింగులో పోసే ఎర్ర ఆయిల్ పోయమని మరొకరు చెబుతున్నారు. స్ప్రాగ్ బిగించేటప్పుడు మాలిబ్డినం గ్రీజు పూయవచ్చా? (చంద్రగిరి)

జవాబు: మాలిబ్డినం గ్రీజు వద్దు. స్ప్రాగ్ అనేది రోలర్లకు బదులు, కొంచెం పొడవైన, ఒక పక్కకు వాలి నిలబడే ఉక్కు దిమ్మెల వరుస. అవి లేచి నిలబడి, లోపలా బయటా ఉన్న రెండు గుండ్రని రేసుల (నునుపైన ఉక్కు వలయాల) మధ్య ఇరుక్కోవడం వల్లనే పట్టు వస్తుంది. ఆ పట్టుకు రాపిడి కావాలి. మాలిబ్డినం, గ్రాఫైటు, రాపిడి తగ్గిస్తామని చెప్పే పోత మందులు అన్నీ ఆ రాపిడినే తీసేస్తాయి. బేరింగుకు నునుపు కావాలి, స్ప్రాగ్‌కు పట్టు కావాలి, రెండూ ఒకే ఆయిల్‌లో ఉన్నాయి. అందువల్ల ఆయిల్ ఎంపికలో స్ప్రాగ్ కోరికకే ప్రాధాన్యం ఇవ్వాలి, తేలికగా తిరిగే బేరింగు ఏ మంచి ఇంజన్ ఆయిల్‌తోనైనా సర్దుకుంటుంది.

గేరు ఆయిల్ కూడా వద్దు. గేరుపెట్టెకు వాడే 90 నంబరు ఆయిల్‌లో, తీవ్ర ఒత్తిడిలో పళ్లు అరగకుండా కలిపే రసాయనాల వల్ల, స్ప్రాగ్ దిమ్మెలు రేసు మీది ఆయిల్ పొరను వెంటనే చీల్చుకుని పట్టలేక, ముందు జారి తరువాత ఒక్కసారిగా తగులుకుంటాయి. ఆ దెబ్బే వాటి అంచులను చెక్కుతుంది. ఆ రసాయనాలు ఆయిల్‌లో తడిసే క్లచ్ ప్లేట్లకు కూడా పనికిరావు.

ఎర్ర ఆయిల్, అంటే ఆటోమేటిక్ గేరుపెట్టెల ద్రవం, కొందరు పాత బ్రిటిష్ బండ్ల యజమానులు ప్రైమరీలో వాడుతున్నదే. పలుచగా ఉండి స్ప్రాగ్ త్వరగా పడుతుంది, క్లచ్ ప్లేట్లు అంటుకోవు. మీ బండి పుస్తకం ఇంజన్ ఆయిల్ చెబుతుంటే మాత్రం నేను జాసో అనే జపాన్ ప్రమాణాల సంస్థ వారి ఎంఎ గానీ ఎంఎ2 గానీ గుర్తున్న మోటార్‌సైకిలు ఇంజన్ ఆయిలే పోస్తాను. ఆ గుర్తు తడి క్లచ్ జారకుండా పరీక్షించిన ఆయిల్‌కు ఇస్తారు. ఎంబి గుర్తున్నది స్కూటర్ల కోసం రాపిడి తగ్గించినది, అది వద్దు. కార్ల కోసం ఇంధనం ఆదా చేస్తుందని రాసి ఉన్న పలుచని ఆయిళ్లు కూడా వద్దు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో 20డబ్ల్యు-50 చిక్కదనం సరిపోతుంది.

పోసే మోతాదు విషయంలో డబ్బా కొలతను నమ్మకుండా, బండిని మధ్య స్టాండు మీద నిలబెట్టి, మూత మీదున్న లెవెల్ స్క్రూ తీసి, అక్కడి నుంచి ఆయిల్ కారడం మొదలై ఆగేదాకా చూడండి. తక్కువైతే చైన్ చిమ్మే ఆయిల్ స్టార్టర్ గేరు బేరింగు దాకా చేరదు. ఎక్కువైతే గేర్లు మార్చే క్లచ్, లివరు నొక్కినా పూర్తిగా వదలక ఈడుస్తుంది.

బిగించే ముందు స్ప్రాగ్‌ను, బేరింగును శుభ్రమైన పెట్రోలులో కడిగి, చైన్‌కేసులో పోయబోయే ఆయిల్‌నే కొద్దిగా పూస్తే చాలు. విడి సూదులు రాలిపోకుండా నిలపవలసి వస్తే గ్రీజుకు బదులు కొంచెం వ్యాసలిన్ వాడండి, వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. స్ప్రాగ్‌కు ఆయిల్ కంటే పెద్ద శత్రువు నీరసించిన బ్యాటరీ. మోటారు ఇంజన్‌ను మెల్లగా తిప్పుతుండగా పిస్టను పైకి చేరకముందే మంట అందుకుంటే ఇంజన్ వెనక్కి తంతుంది. సరిగ్గా ఆ క్షణంలో స్ప్రాగ్ బిగుసుకుని ఉంటుంది కనుక ఆ తన్ను పూర్తిగా దాని మీదే పడుతుంది. రాత్రంతా ఊరకే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతుండగా 10 కంటే బాగా కిందికి పడిపోతుంటే ఆ రోజుకు కిక్కర్‌తోనే స్టార్ట్ చేసి, బ్యాటరీ చూపించండి. ఇగ్నిషన్ టైమింగు ముందుకు జరిగి ఉన్నా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: నా బండిలో స్టార్టర్ గేరు కింద బేరింగు లేదు, ఇత్తడి రంగు బుష్షు ఉంది. దానికి బదులు నీడిల్ బేరింగు పట్టించుకోవచ్చా? (పుత్తూరు)

జవాబు: అవసరం లేదు. ఆయిల్ బాగా అందే చోట మంచి కంచు బుష్షు నీడిల్ బేరింగు కంటే నిశ్శబ్దంగా, ఎక్కువ కాలం నడుస్తుంది, దెబ్బకు అచ్చు పడదు. నీడిల్ బేరింగుకు గట్టిపరచిన షాఫ్టు కావాలి, బుష్షు కోసం తయారైన మీ షాఫ్టు అంత గట్టిది కాకపోవచ్చు. పాతది అరిగితే ఫాస్ఫర్ కంచుతో కొత్తది చేయించి, 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు 0.025 నుంచి 0.05 మిల్లీమీటరు ప్లే ఉండేలా, గేరులోకి నొక్కిన తరువాతే, రంధ్రాన్ని కొలతకు సరిగ్గా చెక్కే రీమరు పట్టించండి, ఎందుకంటే నొక్కగానే రంధ్రం కొంత ముడుచుకుంటుంది. పాత బుష్షులో ఆయిల్ గాడులు ఉంటే కొత్తదానిలో కూడా అవే దిశలో తీయించాలి. పొడి లోహాన్ని అచ్చుపోసి చేసే, ఆయిల్ పీల్చుకున్న రకం బుష్షు దొరికితే దానిని వెచ్చని ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి వేయండి, రీమరు మాత్రం పట్టించవద్దు. మొద్దుబారిన రీమరు దాని సూక్ష్మ రంధ్రాలను పూడ్చేస్తుంది, ఆ తరువాత అది ఆయిల్ ఇవ్వని బుష్షుగా మిగులుతుంది.